సొసైటీ కంప్యూటర్లకూ ఒక క్లోజర్ కావాలి: గోదావరి డెల్టా సహకార సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

గోదావరి డెల్టాలోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల అధ్యక్షులకు, పాలకవర్గ సభ్యులకు, సెక్రటరీలకు నమస్కారం.

ఈమధ్య నాకు వచ్చే ఫోన్లలో చాలా వరకు ఒకే ప్రశ్నతో మొదలవుతున్నాయి. "విండోస్ 10 అయిపోయిందంటున్నారు కదండీ, ఇప్పుడు ఏది వేయించుకుంటే గట్టిగా ఉంటుందండీ?" తణుకు వైపు నుంచి ఒకరు, ముమ్మిడివరం నుంచి ఒకరు, ఆచంట దగ్గర నుంచి ఇంకొకరు. కంప్యూటర్ను నడిపించే మూల సాఫ్ట్వేర్ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు, విండోస్ 10 అలాంటిదే. దానికి మరమ్మతులు పంపే మామూలు మద్దతును మైక్రోసాఫ్ట్ ఆపేసింది, అదీ వీళ్ల కంగారు. ఫోన్లో పది నిమిషాల్లో తేలే సంగతి కాదిది. పైగా కొందరు కొటేషన్లు తెప్పించేసి, మీటింగులో తీర్మానం పెట్టడానికి ముందురోజు సాయంత్రం అడుగుతున్నారు. రైతుల వాటా సొమ్ముతో కొనే వస్తువు కదా, తొందరపడి కొంటే నా ప్రాణం ఊరుకోదు. అందుకే అందరికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను.

1999 నుంచి ఈ డెల్టాలోనే కంప్యూటర్లు, వాటికి ఫైళ్లు, సేవలు అందించే సర్వర్లు చూసుకునే పనిలో ఉన్నాను. కొన్ని సొసైటీలు, ఒక కాలేజీ, రెండు చిన్న ఆసుపత్రులు, నాలుగైదు రైసు మిల్లులు నా చేతి మీదుగా నడిచాయి. మొదట్లో యూనిక్స్, తర్వాత విండోస్, లైనక్స్, కొంతకాలం ఫ్రీబీఎస్‌డీ, ఈ ఆపరేటింగ్ సిస్టమ్లన్నిటినీ వాడాను. అన్నిటి దగ్గరా రాత్రుళ్లు మేలుకొని కూర్చున్నాను. నేను ఏ కంపెనీ సరుకూ అమ్మను, కమిషన్ తీసుకోను.

ముందు ఒక సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట సార్వా (ఖరీఫ్) కోతలప్పుడు జరిగింది. ఆ సొసైటీ పేరు ఇక్కడ అనవసరం. నవంబరు చివరి వారం, బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని ముందురోజే చెప్పారు. పొద్దున ఏడింటికే సొసైటీ ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. కళ్లాల్లో రాశుల మీద బరకాలు కప్పి, ఆడవాళ్లు చుట్టూ ఇటుకలు పేర్చుకుంటున్నారు. తేమ 17 శాతం లోపు వచ్చిన ధాన్యాన్ని ఆ పూటే కాటా వేసి మిల్లుకు పంపేయాలి. తడిస్తే మళ్లీ ఎండబెట్టుకోవడమే, అదీ ఎండ కాస్తే. గుమస్తా వచ్చి కంప్యూటర్ ఆన్ చేస్తే అప్‌డేట్లు జరుగుతున్నాయి, ఆపవద్దు అని తెర మీద పడింది. గంటన్నర ఎదురుచూశారు. ఎనిమిదిన్నరకి కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో పాడైపోయింది, మార్చలేదు. కరెంటు వచ్చాక కంప్యూటర్ లేవలేదు.

పది గంటలకు నేను అక్కడికి చేరాను. నేను తల వంచుకొని పని చేసుకుంటుంటే ఒక పెద్దాయన కిటికీ ఊచలు పట్టుకొని నిలబడి, "బాబూ, మబ్బు దిగిపోతందండి, అది ఎప్పటికి లేస్తాదండి?" అని అడిగారు. అందులో కోపం లేదు. కోపం ఉంటే కొంత తేలిగ్గా ఉండేది నాకు. మధ్యాహ్నం రెండింటికి యంత్రం లేచింది. నాలుగింటికి వాన మొదలైంది. ఆ రెండు గంటల్లో ఎన్ని బళ్లు వెళ్లగలిగితే అన్నే వెళ్లాయి.

ఆ కంప్యూటర్లో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉందో కావాలనే చెప్పడం లేదు. తప్పు దానిది కాదు. అప్‌డేట్ ఎప్పుడు జరగాలో ముందే పెట్టి ఉంచాల్సింది, పెట్టాల్సినవాణ్ని నేను. బ్యాటరీ మార్చమని రాసి ఇవ్వాల్సింది, అదీ నేనే. ఆ రోజు నుంచి "ఏది గట్టిది" అని ఎవరు అడిగినా నాకు ఆ కిటికీ గుర్తొస్తుంది. మనం అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉందని అప్పుడే అర్థమైంది: ఈ యంత్రంలో మార్పు ఎప్పుడు రావాలో ఎవరి చేతిలో ఉంది?

మనకిది కొత్త విషయం కాదండీ. డెల్టాలో పుట్టినవాళ్లం, నీటి విషయంలో ఈ పద్ధతి మన ఒంట్లోనే ఉంది. దాళ్వా (రబీ) చేతికొచ్చాక ఏప్రిల్‌లో కాలువలు కట్టేస్తారు, దాన్నే క్లోజర్ అంటాం. లాకుల తలుపులు బాగుచేస్తారు, పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగేస్తారు, గట్లు వేస్తారు. మళ్లీ జూన్‌లో నీళ్లు వదులుతారు. నాట్లు వేసే వారంలో వచ్చి లాకు తలుపు ఊడదీస్తామని ఏ ఇంజినీరైనా అంటే మీరు ఒప్పుకుంటారా? క్లోజర్‌లో పని చేయించకుండా వదిలేస్తే శివారు చేలకు నీరందదని కూడా మీకు తెలుసు. కంప్యూటర్ల స్థిరత్వం అంటే నాకు ఈ రెండూ కలిసి ఉండటమే. పని ఉన్నప్పుడు ఎవరూ కదపకూడదు, పని లేనప్పుడు తప్పకుండా బాగుచేయాలి. ఆపరేటింగ్ సిస్టమ్‌లను ఈ కొలతతో కొలిచి చూద్దాం.

విండోస్‌తో మొదలుపెడతాను, మీ దగ్గర ఎక్కువగా ఉన్నది అదే కాబట్టి. దాని మీద పాతకాలపు చెడ్డపేరు ఒకటి ఇంకా పోలేదు. విండోస్ 95, 98 రోజుల్లో ఆ పేరు న్యాయమైనదే. వాటిలో ఒక లోపం ఉండేది: యంత్రం ఆపకుండా 49.7 రోజులు నడిస్తే స్తంభించిపోయేది. లోపల కాలాన్ని మిల్లీసెకన్లలో లెక్కపెట్టే అంకె 32 బిట్లది. అది 429 కోట్ల పైచిలుకు వరకే లెక్కపెట్టగలదు. అక్కడికి సుమారు 49.7 రోజులు అవుతుంది. అప్పట్లో అన్ని రోజులు ఆగకుండా నడిచిన యంత్రమే అరుదు, అందుకే ఆ లోపం బయటపడటానికి చాలా కాలం పట్టింది. కానీ 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ వేరే పునాది మీద కట్టింది. 2001లో ఎక్స్‌పీతో ఆ పునాదే మన టేబుళ్ల మీదకు వచ్చింది. ఇప్పటి విండోస్ తనంతట తాను పడిపోవడం నేను అరుదుగానే చూశాను. యంత్రం పడిపోయి నీలం తెర వచ్చిందంటే మొదట ఏదైనా పరికరాన్ని నడిపే డ్రైవర్‌ను, తర్వాత యంత్రం జ్ఞాపకమైన ర్యామ్‌ను, ఆ తర్వాత కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానిస్తాను. అంతర్వేది, ఓడలరేవు, కాట్రేనికోన వైపు సొసైటీల్లో అయితే ముందు ర్యామ్ తీసి దాని అంచును పెన్సిల్ రబ్బరుతో తుడుస్తాను. ఉప్పుగాలికి అక్కడ పొర పట్టేస్తుంది. చాలాసార్లు అంతటితో నీలం తెర పోతుంది. అలాంటి చోట ఆపరేటింగ్ సిస్టమ్ మార్చేసి వేలు ఖర్చు పెట్టినవాళ్లూ ఉన్నారు. మళ్లీ రెండు నెలలకు అదే జబ్బు. గాలి మారలేదు కదా.

విండోస్‌తో అసలు ఇబ్బంది మార్పు దగ్గర వస్తుంది. ప్రతి నెలా రెండో మంగళవారం మైక్రోసాఫ్ట్ అప్‌డేట్లు విడుదల చేస్తుంది. మనకు అవి చేరేసరికి మంగళవారం రాత్రో, బుధవారమో అవుతుంది. వాటిలో చాలావాటికి యంత్రం ఆపి మళ్లీ లేపాలి. దానికి కారణం ఉంది. వాడకంలో ఉన్న ఫైలును మార్చడానికి విండోస్ మామూలుగా ఒప్పుకోదు, అందుకే ఆ పనిని రీస్టార్ట్ వరకు దాచిపెడుతుంది. లైనక్స్ పద్ధతి వేరు. గుమస్తా చేతిలో పాత ఖాతా పుస్తకం తెరిచి ఉండగానే బీరువాలో కొత్త పుస్తకం పెట్టేస్తుంది. చేతిలోది మూసి మళ్లీ తీసినప్పుడు కొత్తది వస్తుంది. అన్నిటికీ మూలమైన కెర్నెల్ మారితే మాత్రం లైనక్స్‌కూ రీస్టార్ట్ తప్పదు. ఈ తేడా వల్ల సర్వర్ చూసుకునేవాడికి లైనక్స్‌తో ఎంతో ఊరట, నేను కాదనను. అలాగని విండోస్‌ను అదుపులో పెట్టలేమని కాదు. ప్రొఫెషనల్ ఎడిషన్ ఉంటే గ్రూప్ పాలసీ అనే సెట్టింగుల్లో అప్‌డేట్ రోజు, గంట మనమే పెట్టుకోవచ్చు. హోమ్ ఎడిషన్ కొనిపెట్టి, ఆ సౌకర్యం లేదని బాధపడే సొసైటీలు నాకు తెలుసు. కొటేషన్‌లో ఆ ఒక్క మాట చూసుకుంటే చాలు.

ఇంకో మాట, దీన్ని కొంచెం గట్టిగానే చెబుతున్నాను. డెల్టాలో సగం ఆఫీసుల్లో ఉన్నది దొంగ విండోస్ అని నా అనుభవం. షాపువాళ్లు క్రాక్ చేసి వేసి ఇస్తారు. ఆ క్రాక్ పని చేయడానికి యాంటీవైరస్‌ను ఆపేస్తారు, అప్‌డేట్లు కూడా ఆపేస్తారు. రైతుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు, అప్పుల లెక్కలు ఉన్న యంత్రంలో ఎవరు రాశారో తెలియని ప్రోగ్రామ్‌కు తాళాలన్నీ ఇచ్చేసినట్టే. మిగతావి ఏవి ఎలా ఉన్నా ఇది మాత్రం ఈ సంవత్సరంలోనే ఆగాలి. లైసెన్సుకు డబ్బు లేదంటారా, అప్పుడు లైనక్స్ వేయించండి. ఉచితం అనే కారణంతోనే వేయించినా నాకు అభ్యంతరం లేదు.

2024 జూలై 19న జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. శుక్రవారం, మన టైము ఉదయం తొమ్మిదిన్నర దాటాక, క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక తప్పు ఫైలు వల్ల ప్రపంచమంతటా సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు పడిపోయాయి. లేవడం, మళ్లీ పడటం, అదే తిరగడం. మన విమానాశ్రయాల్లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఆ ఫైలును గంటన్నర లోపే వెనక్కి తీసుకున్నారు, కానీ అప్పటికే పడిపోయిన యంత్రాలను లేపాలంటే మనిషి ఒక్కో దాని ముందు కూర్చొని, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఆ ఫైలు తీసేయాల్సి వచ్చింది. డిస్కు బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే రికవరీ కీ కూడా కావాలి. మీ సొసైటీలో ఆ కీ ఎక్కడ రాసి ఉందో ఈ ఉత్తరం పక్కన పెట్టి ఒకసారి సెక్రటరీ గారిని అడగండి.

ఆ రోజు కొందరు లైనక్స్ మిత్రులు సంబరపడ్డారు. నాకది నచ్చలేదు. అదే ఏడాది కొన్ని నెలల ముందు అదే రకం సాఫ్ట్‌వేర్ వల్ల కొన్ని లైనక్స్ సర్వర్లు కూడా పడిపోయాయి, సంఖ్య తక్కువ కాబట్టి వార్త కాలేదు. ఇలాంటి సాఫ్ట్‌వేర్ కెర్నెల్‌లో, అంటే యంత్రం గుండెలో కూర్చొని పని చేస్తుంది. అక్కడ తప్పు జరిగితే మొత్తం కూలుతుంది. లాకు తాళం కాలువ చూసుకునే లస్కరు దగ్గర ఉండాలి, ఊరికి దూరంగా ఉన్న ఎవరో ఇష్టమొచ్చినప్పుడు తిప్పేలా ఉండకూడదు. భద్రతా సాఫ్ట్‌వేర్ తప్పనిసరి అయితే, దాని అప్‌డేట్లు ముందు ఒక యంత్రానికి వచ్చి, మర్నాడు మిగతావాటికి వచ్చేలా పెట్టుకునే వీలుందో లేదో అడిగి కొనండి. మన కాటన్ బ్యారేజీకి 175 గేట్లు, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలు. ఒక గేటు ఇరుక్కుంటే నది ఆగిపోదు. మీ ఆఫీసులో నాలుగు కంప్యూటర్లే ఉన్నా, నాలుగింటికీ ఒకే గంటలో ఒకే మార్పు జరగనివ్వకండి.

ఇక లైనక్స్. లైనక్స్ అన్నది ఒకే వస్తువు కాదు, కొటేషన్‌లో ఉత్త "లైనక్స్" అని రాసి ఉంటే ఒప్పుకోవద్దు. 1991లో లీనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన కెర్నెల్ చుట్టూ ఎందరో ఎన్నో రకాలుగా కూర్చి ఇస్తారు. వాటిని డిస్ట్రిబ్యూషన్లు అంటారు. కొన్ని వారం వారం కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చిపెడతాయి, నేర్చుకునే కుర్రాళ్లకు అవి మంచివి. డెబియన్ లాంటివి దీనికి పూర్తిగా ఎదురు. 1993 నుంచి ఉన్న డెబియన్‌లో స్టేబుల్ అనే మాటకు ఒక ప్రత్యేక అర్థం ఉంది: విడుదలయ్యాక అది మారదు. సుమారు రెండేళ్లకు ఒకసారి కొత్త విడుదల వస్తుంది. ఈలోపు ఏ ప్రోగ్రామ్‌లోనైనా భద్రతా లోపం దొరికితే కొత్త వెర్షన్ తెచ్చి పెట్టరు, ఆ మరమ్మతును మాత్రం పాత వెర్షన్‌కు సరిపడేలా చేసి అతికిస్తారు. తలుపు మార్చకుండా సీల మార్చినట్టు. నిన్న ఎక్కడ ఏ బటన్ ఉందో రేపూ అక్కడే ఉంటుంది. మా గుమస్తాలకు ఇది ఎంత ప్రశాంతతో మాటల్లో చెప్పలేను. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13కు మూడేళ్లు పూర్తి మద్దతు, ఆపై రెండేళ్లు పొడిగింపు, మొత్తం ఐదేళ్లు. ఉబుంటు అనే మరో డిస్ట్రిబ్యూషన్లో దీర్ఘకాల మద్దతుకు గుర్తుగా ఎల్‌టీఎస్ అని రాసి ఉన్నవి కూడా ఐదేళ్లు నడుస్తాయి. ఎల్‌టీఎస్ కానివి తొమ్మిది నెలలకే అయిపోతాయి, వాటి జోలికి వెళ్లకండి.

ఇంత నెమ్మదిగా ఉండటం వల్ల లాభం ఏమిటో 2024 మార్చిలో బయటపడింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రామ్‌లో, సర్వర్లలోకి దొంగచాటుగా వచ్చే దారి ఒకటి ఎవరో కావాలని దాచిపెట్టారు. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, లాగిన్ అరసెకను ఆలస్యం అవుతోందేమిటని తవ్వుకుంటూ వెళ్లి దాన్ని పట్టుకున్నారు. ఆ పాడు వెర్షన్ అప్పటికి డెబియన్ స్టేబుల్‌లోకి రానేలేదు, పరీక్షలో ఉన్న శాఖల వరకే వచ్చింది. అరసెకను తేడాను కూడా వదిలిపెట్టని ఆ మనిషి శ్రద్ధ గురించి మా కుర్రాళ్లకు ఇప్పటికీ చెబుతూనే ఉంటాను.

అయితే ఉచితం, నెమ్మది అనేవి మాట ఇచ్చినంత కాలం నిలుస్తాయని అనుకోవద్దు. సెంట్ఓఎస్ అనే ఇంకో ఉచిత డిస్ట్రిబ్యూషన్ 8వ వెర్షన్కు 2029 వరకు మద్దతు ఉంటుందన్నారు. 2020 డిసెంబరులో ఒక ప్రకటన వచ్చింది, 2021 డిసెంబరు 31తో ఆపేశారు. దాన్ని నమ్ముకున్న అడ్మినిస్ట్రేటర్లు ఏడాదిలో సర్వర్లన్నీ మార్చుకోవాల్సి వచ్చింది. ఆ ఖాళీని పూరించడానికే ఆల్మాలైనక్స్, రాకీ లైనక్స్ పుట్టాయి, రెండూ బాగానే నడుస్తున్నాయి. నేను డెబియన్ వైపు మొగ్గడానికి ఇదొక కారణం. దాని వెనుక ఉన్నది స్వచ్ఛందంగా పనిచేసే మనుషుల సంఘం, నిర్ణయాలు ఓట్లతో తీసుకుంటారు. సహకార సంఘం నడిపే మీకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. మన దేశంలో కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ తయారుచేసిన బాస్ లైనక్స్ కూడా డెబియన్ మీద కట్టిందే. కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి పిల్లలు, టీచర్లు లైనక్స్‌తోనే పని చేస్తున్నారు కాబట్టి, "మనవాళ్లకు రాదండీ" అనే మాటను నేను ఒప్పుకోను.

ఫ్రీబీఎస్‌డీ గురించి రాయకుండా ఉండలేను, అది యూనిక్స్ కుటుంబంలోని ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. నేను చూసినవాటిలో అంత పొందికైనది ఇంకొకటి లేదు. కెర్నెల్, మిగతా వ్యవస్థ ఒకే బృందం చేతిలో పెరిగాయి. దానితో వచ్చే జెడ్ఎఫ్ఎస్ ఫైల్ సిస్టమ్ (డిస్కు మీద ఫైళ్లు దాచే పద్ధతి) ప్రతి ముక్కకూ సరిచూసుకునే గుర్తు ఒకటి దాచుకుంటుంది. కరెంటు హఠాత్తుగా పోయినా పాత సమాచారం మీద రాయకుండా పక్కన రాసి, పూర్తయ్యాకే అటు మారుతుంది. నెట్‌ఫ్లిక్స్ వీడియోలు పంపే సర్వర్లు దీని మీదే నడుస్తాయి. వాట్సాప్ మొదటి రోజుల్లో దీని మీదే ఒక్కో సర్వర్‌కు ఇరవై లక్షల కనెక్షన్లు మోసింది. కాలేజీలో నేను పెట్టిన ఫైల్ సర్వర్ ఆరేళ్లు దీనితో నడిచింది, ఒక్క ఫైలు పోలేదు. అయినా నా చేతులతోనే దాన్ని తీసేసి డెబియన్ పెట్టాను. నాకు జ్వరం వచ్చి పది రోజులు మంచం మీద ఉన్నప్పుడు, చిన్న పని పడితే దాన్ని ముట్టుకోగలిగిన మనిషి రాజమండ్రి నుంచి భీమవరం దాకా ఎవరూ దొరకలేదు. ఎంత గట్టి యంత్రమైనా దాన్ని ఎరిగిన మనిషి దగ్గర్లో లేకపోతే అది మనకు గట్టిది కాదు. తీసేసిన రోజున నాకు బాధ కలిగింది.

మాక్ కంప్యూటర్ల గురించి ఒకరు అడిగారు. బాగుంటాయి. మన కౌంటర్ల మీద పెట్టడానికి ఆ ధర న్యాయం కాదు.

మరి మీ ఆఫీసులో ఏం చేయాలి? అంతా ఒక్కసారి లైనక్స్‌కు మార్చేయమని చెప్పను. వేలిముద్ర స్కానర్లు, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లకు కావాల్సిన డ్రైవర్లు చాలావరకు విండోస్‌ను దృష్టిలో పెట్టుకొని చేసినవే. లెక్కలు రాసే టాలీ విండోస్ మీదే నడుస్తుంది. పాత తీర్మానాలు, నోటీసులు అను అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసి ఉంటాయి, వాటిని ఎక్కడైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చితే తప్ప ఇంకోచోట సరిగ్గా కనిపించవు. కాబట్టి కాటా దగ్గర, వేలిముద్ర దగ్గర, టాలీ దగ్గర ఉన్న యంత్రాలకు లైసెన్సు ఉన్న విండోస్ 11 ప్రొఫెషనల్ ఉంచండి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10 మద్దతు ముగిసింది. సంస్థలు డబ్బు కట్టి మూడేళ్ల వరకు పొడిగించుకోవచ్చు కానీ, మొదటి ఏడాది ఒక్కో యంత్రానికి 61 డాలర్లు, తర్వాత ఏటా రెట్టింపు. అంత పెట్టి పాత యంత్రాన్ని పట్టుకు వేలాడటం దండగ.

కానీ విండోస్ 11 ఎక్కదని పాత కంప్యూటర్లను పాత సామాన్లవాడికి వేయకండి. ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు లేని యంత్రాలను అది అధికారికంగా ఒప్పుకోదు, నిజమే. వాటిలో చాలావాటికి ఒక ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ వేసి డెబియన్ పెడితే ఇంకో ఐదేళ్లు నడుస్తాయి. 2022 జూన్‌లో కేంద్రం ఆమోదించిన 63,000 సంఘాల కంప్యూటరీకరణ మొదలయ్యాక మన పని ఎక్కువగా ఇంటర్నెట్‌లోకే వెళ్లింది. ఉత్తరాలు, పట్టికలు, పోర్టళ్లలో చూడటం, ప్రింట్లు, వీటన్నిటికీ బ్రౌజర్, ఉచిత ఆఫీసు ప్రోగ్రామ్ లిబ్రెఆఫీస్ ఉంటే చాలు. ముందు ఒక్క టేబుల్ మీద పెట్టి ఒక పంట కాలం నడపండి. ఆ టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లు ఏమంటారో విని, తర్వాత రెండోది. ఫైళ్లు, బ్యాకప్‌లు దాచే యంత్రం మాత్రం మొదటి రోజు నుంచే డెబియన్ మీద ఉంచమని అడుగుతున్నాను.

క్లోజర్ గురించి మొదట అన్నది ఇప్పుడు వివరంగా చెబుతాను. కొత్త వెర్షన్లు, కొత్త యంత్రాలు, సాఫ్ట్‌వేర్ మార్పిడి లాంటి పెద్ద మార్పులన్నీ ఏప్రిల్ చివర, మే నెలల్లోనే. కొనుగోళ్లు జరిగే రెండు సీజన్లలో ఏదీ కదపకూడదని తీర్మానం రాసుకోండి. భద్రతా అప్‌డేట్లను మాత్రం మే నెల దాకా ఆపకూడదు. 2017లో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వచ్చినప్పుడు అది వాడుకున్న లోపానికి మందు మార్చి 14నే విడుదలైంది. దాడి మే 12న జరిగింది. ఆ రెండు నెలల్లో అప్‌డేట్ వేసుకోని యంత్రాలే పోయాయి, మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లూ కొన్ని వాటిలో ఉన్నాయి. అందుకే నెలకొకసారి, ఒక ఆదివారం, ముందు ఒక యంత్రానికి వేసి చూసి, ఆ తర్వాత ఆదివారం మిగతావాటికి వేయాలి. మా సర్వర్ మూడేళ్లుగా ఒక్కసారి కూడా ఆపలేదని గొప్పగా చెప్పేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. మూడేళ్లుగా కెర్నెల్ మరమ్మతు అందలేదని దాని అర్థం.

కరెంటు, వరద. మంచి యూపీఎస్, రెండు మూడేళ్లకోసారి బ్యాటరీ, సరైన ఎర్త్. ఈ ఖర్చుకు మీటింగులో ఎవరూ అడ్డు చెప్పకూడదు, ఏ ఆపరేటింగ్ సిస్టమ్ కొన్నా దీని తర్వాతే. 1986 వరద మన పెద్దవాళ్లు చూశారు, 2022 జూలైలో లంక గ్రామాలు మునగడం మనం చూశాం. బ్యాకప్ డిస్కు అదే గదిలో, అదే టేబుల్ కింద ఉంటే నీళ్లకు రెండూ ఒకటే. వారానికొకసారి డిస్కు ఒకటి వేరే ఊళ్లో ఉండాలి. ఏడాదికొకసారి, అదే క్లోజర్‌లో, ఆ డిస్కు నుంచి నిజంగా లెక్కలు తిరిగి వస్తున్నాయో లేదో కొత్త యంత్రంలో పెట్టి చూడాలి. అలా చూసినప్పుడు ఒక చోట రెండేళ్ల బ్యాకప్‌లు ఖాళీగా తేలాయి. వరద వచ్చాక తెలిస్తే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడ పుడుతుంది.

చివరగా మనిషి గురించి. మీలో చాలామంది "కంప్యూటర్ అబ్బాయి" అని పిలిచే ఆ కుర్రాడికి నెల జీతం ఎంతో మీకు తెలుసు. అది కాటా కూలీకి వచ్చేదానికన్నా తక్కువ ఉన్న చోట్లు ఉన్నాయి. ఏడాది తిరగకుండానే అతను హైదరాబాద్ వెళ్లిపోతాడు, పాస్‌వర్డులు అతనితోపాటే వెళ్లిపోతాయి. ఒక్కో సొసైటీకి విడిగా ఒక అడ్మినిస్ట్రేటర్‌ను పెట్టుకునే స్తోమత లేదు, ఒప్పుకుంటాను. ఐదారు సొసైటీలు కలిసి ఒకరిని పెట్టుకోలేమా? మన పాలిటెక్నిక్‌లలో చదివిన పిల్లలు ఉన్నారు. ఆరు నెలలు నేర్పితే డెబియన్ సర్వర్, విండోస్ పాలసీలు రెండూ చూసుకోగలరు. నేర్పడానికి నేను ఉన్నాను, దానికి ఫీజు తీసుకోను. అతను చేసిన ప్రతి మార్పూ తేదీతో సహా ఒక పుస్తకంలో చేత్తో రాయాలి, ఆ పుస్తకం సొసైటీ బీరువాలో ఉండాలి. పాస్‌వర్డులు, రికవరీ కీలు సీలు వేసిన కవరులో సెక్రటరీ గారి దగ్గర ఉండాలి.

వచ్చే నెల పాలకవర్గ సమావేశంలో ఈ ఉత్తరాన్ని ఎజెండాలో పెట్టమని కోరుతున్నాను. కొటేషన్లు అప్పటికే వచ్చి ఉంటే వాటిని ఒక నెల ఆపండి. తణుకు నుంచి అమలాపురం దాకా ఏ సొసైటీ పిలిచినా నా ఖర్చులతో నేను వస్తాను, మీ యంత్రాలు ఒక్కొక్కటీ చూసి, ఏది ఉంచాలో, ఏది మార్చాలో, ఏ తేదీన మార్చాలో కాగితం మీద రాసి ఇస్తాను. దాళ్వా మాసూళ్లు అయ్యి కాలువలు కట్టేసే లోపు ఆ కాగితం మీ చేతిలో ఉండాలి. ఎందుకంటే మన పనికి దొరికేది ఆ నలభై రోజులే.

భవదీయుడు,
డెల్టా సొసైటీల్లో కంప్యూటర్లు చూసుకునే ఒక అడ్మినిస్ట్రేటర్